మొదటి ముక్క

రంగులక్క గురించి చెప్పమంటే నాకు ముందు కోపం వస్తుంది. కాసేపు పోయాక ఏడుపు వస్తుంది. అందుకని కోపం ఉన్నప్పుడే చెప్పేస్తాను, తొందరగా తెములుతుంది.

మా వీధి చివర అద్దకం గది ఉంది. దాని ముందు వసారాలో నా ఇస్త్రీ బల్ల. లోపల పొయ్యిల మీద రంగు గంగాళాలు కుతకుత ఉడుకుతుంటాయి, బయట నా ఇస్త్రీ పెట్టె నిప్పులు కక్కుతుంటుంది. ఎండాకాలం ఆ రెండింటి మధ్యా నిలబడ్డవాళ్లకి నరకం ఎలా ఉంటుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. లోపల బట్టలకి రంగు వేసే మనిషే రంగులక్క. ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరూ వాడరు. చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి. చర్చిలో ప్రభు బల్ల దగ్గర రొట్టె అందుకునేటప్పుడు ఆ నీలం చేతులు చూసి కొత్తవాళ్లు ఉలిక్కిపడతారట. "సబ్బు పెట్టి రుద్దితే పోదా అక్కా?" అని అడిగితే, "పోయే రంగు వేస్తే మన దగ్గరికి ఎవరొస్తారే?" అని నవ్వేది. అప్పట్లో నవ్వేది.

నేను చర్చికి పెళ్లికో చావుకో తప్ప వెళ్లను. మా ఆయన పోయినప్పుడు దేవుడితో మాటలు మానేశాను. దేవుడూ నన్ను పలకరించలేదు, లెక్క సరిపోయింది. రంగులక్క మాత్రం నా వంతు కూడా తనే మాట్లాడేది. పొద్దున్నే పొయ్యి వెలిగిస్తూ తన ఇంటివాళ్లందరి కోసం ప్రార్థన చేసి, చివర్లో "ఇదిగో, ఈ మొండిదాన్ని కూడా చూసుకో తండ్రీ" అని నాకు వినబడేలా అనేది. నేను వినబడనట్టు ఇస్త్రీ పెట్టెలోకి బొగ్గులు వేసుకునేదాన్ని.

అద్దకం గదిని ఆనుకునే వాళ్ల ఇల్లు. ఆవిడ భర్తని మేస్త్రి అనేవాళ్లం. అద్దకంలో ఆయన గురువు, ఆవిడ శిష్యురాలు. బక్కపలచటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. నన్ను "చెల్లెమ్మా" అంటూనే ఆటపట్టించేవాడు. "చెల్లెమ్మా, పెట్టెకి వేడి చాల్లేదా, కాస్త దాంతో మాట్లాడు, అదే కాలుతుంది" అనేవాడు. భార్యని "ఇదిగో" అని తప్ప పిలిచేవాడు కాదు. ఆ "ఇదిగో"లో ఎన్ని రకాలుండేవో! ఉప్పు అందించమనే ఇదిగో వేరు, అలిసిపోయావు కూర్చోమనే ఇదిగో వేరు. బల్ల దగ్గర నిలబడి వింటుంటే నాకు తేడా తెలిసిపోయేది. కొంచెం కుళ్లు కూడా పుట్టేది.

పనిలో ఆయనకి ఒక పట్టుదల ఉండేది. ఏ రంగైనా మొదటిసారి కుదిరి, బట్ట ఇచ్చినవాళ్లు ఒప్పుకున్నాక, అందులోంచి అరచేయంత ముక్క కత్తిరించి అట్టకి కుట్టి రేకు పెట్టెలో దాచేవాడు. పెట్టె మూత వేసే ఉండాలి. వెలుతురు తగిలితే ముక్క వెలిసిపోతుంది. మళ్లీ అదే రంగు వేయాల్సి వచ్చినప్పుడు గంగాళంలోంచి తీసిన బట్ట కొస నా దగ్గరికి తెచ్చేవాడు. తడి మీద ఏ రంగైనా ముదురుగానే కనిపిస్తుంది కనక నేను ఆ కొసని ఇస్త్రీతో ఆరబెట్టాలి. ఆరిన కొసని గుమ్మంలోకి, పగటి వెలుతురులోకి తీసుకెళ్లి, పెట్టెలోని ముక్క పక్కన పెట్టి చూసేవాడు. కుదరకపోతే బట్ట మళ్లీ గంగాళంలోకే.

"పెట్టె దించడం, మూత తీయడం, ఇంత తతంగం ఎందుకన్నయ్యా? పోయినసారి వేసిన బట్ట అక్కడే తీగ మీద ఆరుతోంది కదా, దాంతో పోల్చుకుంటే పోలా?" అని ఒకసారి విసుక్కున్నాను.

"పోయినసారి దానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది చెల్లెమ్మా. కంటికి ఆనదు. దాన్ని చూసి ఇది, దీన్ని చూసి ఇంకోటి వేసుకుంటూ పోయామనుకో, వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరిగి చివరికి ఎక్కడ తేలతామో మనకే తెలీదు. ఏ రోజుకారోజు బాగానే ఉన్నట్టుంటుంది. మొదటి ముక్క ఒక్కటే జరగదు."

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇది రంగులక్క నాకు చెప్పింది. ఆవిడకి చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. పిన్ని ఇంట్లో కొన్నాళ్లు, మేనమామ ఇంట్లో కొన్నాళ్లు, ఎవరికి బరువనిపిస్తే వాళ్లు ఇంకొకరి ఇంటికి పంపించేవారు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక కూడా బట్టల పెట్టె విప్పలేదట. మంచం కింద సర్దిపెట్టినది సర్దిపెట్టినట్టే ఉంచి, రోజూ ఒక చీర తీసుకుని మళ్లీ మూత వేసేది. మేస్త్రి కొన్నాళ్లు చూశాడు. "ఎందుకట్లా?" అని అడిగాడు. "ఎప్పుడు పొమ్మంటారో తెలీదు కదండీ" అంది. ఆయన పెట్టె బయటికి లాగి, చీరలన్నీ తన చొక్కాల పక్కన అలమారలో పెట్టి, "నీ దగ్గరే ఉంటా. ఎక్కడికీ పోను" అన్నాడట. నువ్వు ఉండు అనలేదు, చూడండి. తను ఉంటానన్నాడు. "ఆ మాట తేడా ఆ రోజే పట్టుకున్నానే, అందుకే ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు" అని రంగులక్క చెప్పేది.

ఒక మధ్యాహ్నం గంగాళంలో కర్ర తిప్పుతూ తిప్పుతూ మేస్త్రి అలాగే కూలబడిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. ఆసుపత్రిలో చాలా రోజులు మాట లేకుండా పడి ఉన్నాడు. చర్చివాళ్లు వంతులు వేసుకుని ప్రార్థన చేశారు. కళ్లు తెరిచాడు, లేచి కూర్చున్నాడు, నడిచాడు. అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. ఇంత మొండిదాన్ని, నేనూ ఆ రోజు వాళ్లతో పాటు చేతులు జోడించాను.

ఇంటికొచ్చాక తెలిసింది, వచ్చింది మేస్త్రి కాదని.

ఒళ్లు ఆయనదే. నోట్లోంచి వచ్చే బూతులు ఎవరివో. అన్నం పళ్లెం విసిరేసేవాడు. వీధిలో పోయేవాళ్లని తిట్టేవాడు. అన్నిటికంటే ఘోరం, భార్యని గుర్తుపట్టేవాడు కాదు. తన అక్కగారిని గుర్తుపట్టాడు, పాస్టరుగారిని గుర్తుపట్టాడు, నన్ను "ఇస్త్రీ పిల్ల" అన్నాడు. రంగులక్క మంచినీళ్లు తెచ్చి ఇస్తే మాత్రం మొహంలోకి అనుమానంగా చూసి, "ఏయ్, ఎవరు నువ్వు? నా ఇంట్లో నీకేం పని?" అని అరిచేవాడు. రోజుకి ఒకసారి కాదు, ఆవిడ కంటబడిన ప్రతిసారీ అదే ప్రశ్న.

ఆవిడ మొదట్లో ఏడ్చేది. "నేనండీ, నేను" అని చేతులు పట్టుకునేది. విదిలించి కొట్టేవాడు. పెళ్లి ఫోటో తెచ్చి చూపించింది. "ఈ పిల్ల ఎవరో బాగుంది, నువ్వు కాదు" అన్నాడు. ఒకరోజు కోపం పట్టలేక "నేనెవర్నో తెలీకపోతే నోరు మూసుకుని తినండి" అని అరిచింది. తర్వాత గంగాళాల వెనక్కి వెళ్లి గోడకి తల కొట్టుకుంది. నేను వెళ్లి పట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కడికీ పోనన్న మనిషి కూర్చున్న చోటే కూర్చుని వెళ్లిపోయాడు. దాన్ని ఏమంటారో, దానికి ఎలా ఏడవాలో కూడా ఎవరికీ తెలీదు. మా ఆయన చచ్చిపోయాడు కనక నేను చక్కగా ఏడవగలిగాను. ఆవిడకి ఆ భాగ్యం కూడా లేదు.

పెద్ద డాక్టరు దాపరికం లేకుండా చెప్పేశాడు. "కాళ్లూ చేతులూ దక్కాయి, అదే గొప్ప. స్వభావం మారిపోయింది. పాత మనిషి తిరిగి వస్తాడని ఆశ పెట్టుకోకండమ్మా." రంగులక్క ఆ మాట వినిపించుకోలేదు. ఆవిడ ఆశ పెట్టుకుంది మేస్త్రి మీద కాదు, దేవుడి మీద. ఉపవాసాలు మొదలుపెట్టింది. రంగు నీళ్లల్లో నానిన చేతులతోనే మోకాళ్ల మీద పడేది. మోకాళ్లు కాయలు కాశాయి. మనిషి సగమైంది. ఆవిడకి కావాల్సింది ఒక్కటే. మేస్త్రి ఒక్కసారి తనని చూసి "ఇదిగో" అనాలి.

ఒక సాయంత్రం చర్చివాళ్లు ఇంటికొచ్చి ప్రార్థన పెట్టారు. పాస్టరుగారు మేస్త్రికి చిన్ననాటి స్నేహితుడు, గోలీలాడుకున్న జత. ఆయన నిలబడి, మనుషులు మారినా, ఆరోగ్యాలు మారినా దేవుడు మార్పులేనివాడని, మనకి అదే ఆధారమని చెప్పాడు. కుర్చీలో మేస్త్రి "పొండి, అందరూ పొండి" అని గోల చేస్తున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. అప్పుడు రంగులక్క లేచింది.

"అయ్యగారూ, ఒక్క మాట. మా ఆయన మంచిగా ఉన్నప్పుడూ అదే దేవుడు, ఇప్పుడూ అదే దేవుడు. ఏమీ మారలేదు. అంతేగా?"

"అంతేనమ్మా."

"మరి నేను మోకాళ్లు అరగదీసుకుని అడిగేదేంటి? అడిగితే ఆయన మనసు మారుతుందనేగా అడుగుతున్నా? మారనే మారనోడికి నా ఏడుపెందుకు? గోడ కూడా మారదు అయ్యగారూ. ఆయనకీ గోడకీ తేడా ఏంటో చెప్పండి."

ఎవరో ముసలావిడ "తప్పమ్మా, అట్లా అనకూడదు" అంది. పాస్టరుగారు ఆవిణ్ణి ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. పుస్తకం మూసి పక్కన పెట్టాడు. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

"ఈమధ్య నాకూ గోడకి చెప్పుకుంటున్నట్టే ఉందమ్మా" అన్నాడు. "వాడు నాకూ స్నేహితుడేగా. కానీ గోడ ఎవరికీ మాటివ్వదు. ఆయన ఇచ్చాడు. మారడు అంటే ఇచ్చిన మాట మార్చడని. అంతవరకే నాకు తెలుసు. మిగతాది తెలుసని చెబితే అబద్ధమవుతుంది."

"ఏం మాటిచ్చాడు? ఈయన్ని బాగుచేస్తానన్నాడా?"

"అట్లా అనలేదమ్మా. విడిచిపెట్టనన్నాడు."

"విడిచిపెట్టేసి చాన్నాళ్లయింది అయ్యగారూ" అని రంగులక్క వెనకగదిలోకి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు ఒక పాట పాడి ముగించారు. పాట సగంలో మేస్త్రి తానూ గొంతు కలిపాడు. మాటలన్నీ తప్పులు లేకుండా పాడాడు. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. పాట గుర్తుంటుంది, పెళ్లాం గుర్తుండదు!

అద్దకం పని ఆగితే ఇంట్లో పొయ్యి ఆరుతుంది కనక ఆవిడ ఒక్కతే గంగాళాలు దించుతూ ఎత్తుతూ నడిపించింది. మాకు కంటి ఆసుపత్రి వాళ్ల తెరలు ఆకుపచ్చ రంగు వేయడానికి విడతలవారీగా వచ్చేవి. ఒక రోజు ఆసుపత్రిలో తెరల పని చూసే పెద్దావిడ రెండు తెరలు పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఒకటి మేస్త్రి వేసినది, ఇన్నాళ్లూ ఏ బీరువాలోనో మడతలో ఉండిపోయిందట. రెండోది ఈ మధ్య వేసినది. నా తీగ మీద పక్కపక్కన వేలాడదీసి, "మీరే చూడండి" అని పక్కకి తప్పుకుంది. పాపం ఆవిడ కోప్పడలేదు కూడా.

ఒకటి లేత చిగురు రంగు. రెండోది బురదలో నానినట్టు ఉంది. గుడ్డివాడికి కూడా తేడా తెలుస్తుంది.

రంగులక్క రెండు తెరల మధ్యా నిలబడిపోయింది. "నేను చూస్తూనే ఉన్నానే! ప్రతిసారీ పక్కన పెట్టే చూశాను" అంది.

"దేని పక్కన?" అన్నాను.

"పోయినసారి వేసిన దాని పక్కన."

మేస్త్రి పడిపోయిన రోజు నుంచి ఆ రేకు పెట్టె దించనేలేదు ఆవిడ. దించితే ఆయన చేతులు గుర్తొస్తాయని భయం. ఇప్పుడు స్టూలెక్కి దించింది. మూత తీసి, అట్టకి ఆయన కుట్టిన వంకర కుట్లు వేలితో తడిమింది. ఆకుపచ్చ ముక్క తీసి గుమ్మంలో వెలుతురుకి పట్టుకుంది. ముక్క ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆవిడ గడప మీద చతికిలబడిపోయింది.

"ఆయన్ని కూడా ఇట్లాగే చూస్తున్నానే" అంది. "నిన్న ఇంత తిట్టాడు, ఈరోజు ఇంకొంచెం ఎక్కువ తిట్టాడు. నిన్నటి మనిషి పక్కన పెట్టి ఇవాల్టి మనిషిని చూస్తున్నా. అసలు మనిషి మొహం గుర్తు తెచ్చుకుందామంటే రావట్లేదు. దేవుణ్ణీ అంతే. పోయినసారి తగిలిన దెబ్బ ఎట్లా ఉందో ఆయనా అట్లాగే ఉన్నాడనుకుంటున్నా. ఒక్కో దెబ్బకీ ఆయన మొహం కొంచెం కొంచెం నల్లబడి, ఇప్పుడు చూద్దామంటే భయమేస్తోంది నాకు."

"తెరలు మళ్లీ వేద్దాంలే అక్కా" అన్నాను. ఇలాంటప్పుడు నా నోటికి ఇలాంటి తెలివైన మాటలే వస్తాయి.

మర్నాడు పొద్దున మేస్త్రి ఎప్పటిలాగే "ఏయ్, ఎవరు నువ్వు?" అని అరిచాడు. ఆవిడ ఏడవలేదు, ఫోటో తేలేదు. గంగాళం దించి, చేతులు తుడుచుకుని, ఎదురుగా వచ్చి నిలబడింది. "మీ భార్యనండీ. మీ దగ్గరే ఉంటా. ఎక్కడికీ పోను" అంది. ఆయన తిట్టాడు. ఆవిడ వెళ్లి పనిలో పడింది. కాసేపటికి మళ్లీ అడిగాడు. మళ్లీ వచ్చి అవే మాటలు, అదే గొంతు. మధ్యాహ్నం అదే. సాయంత్రం అదే. ఆ రోజు నుంచి ఒక్క మాట అటూ ఇటూ మార్చలేదు. ఆయన పళ్లెం విసిరినా అంతే, ఉమ్మినా అంతే.

ఆ మాటలు ఎవరివో నాకు తెలుసు. అందుకే వినలేకపోయేదాన్ని. "ఎందుకక్కా ఆయన మాటలు ఆయనకే అప్పజెప్పడం? ఆ బుర్రలోకి ఒక్కటైనా ఎక్కుతుందా?" అని ఒకరోజు గట్టిగానే అడిగేశాను.

"ఎక్కదేమో" అంది. "నా దగ్గర మొదటి ముక్క అదొక్కటే ఉందే. ఇంకేం చూసుకోను?"

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ జరిగింది అది కాదు. ఒకరోజు ఆవిడ మరుగుతున్న గంగాళం మీద వంగి ఉండగా మేస్త్రి వెనక నుంచి వచ్చి "దొంగ, దొంగ" అని నెట్టాడు. గంగాళం అంచు పట్టుకుని ఆపుకోబట్టి మొహం దక్కింది. కుడిచెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. నేను పరిగెత్తుకెళ్లి కేకలు పెడితే వీధంతా వచ్చింది. ఆయన మూలకి వెళ్లి, చెవులు మూసుకుని వణుకుతూ కూర్చున్నాడు.

కట్టు కట్టించుకుని వచ్చిన సాయంత్రం ఆవిడ అద్దకం గదిలో ప్రార్థన చేయడం విన్నాను. దాన్ని ప్రార్థన అనొచ్చో లేదో. రంగు కలిపే కర్రతో ఖాళీ గంగాళాన్ని ఎడమచేత్తో బాదుతోంది. "ఆయన్నన్నా మార్చు, నువ్వన్నా మారు! ఏదో ఒకటి చెయ్యి! రెండూ చేతకాకపోతే నన్ను తీసుకుపో!" అని అరుస్తోంది. బాది బాది కర్ర పడేసి నేల మీద పడి దొర్లింది. నేను లోపలికి వెళ్లలేదు. అది ఆవిడకీ దేవుడికీ మధ్య గొడవ.

మేస్త్రి అక్కగారు నర్సుగా పనిచేసి విరమించిన మనిషి. మాట కటువు, మనసు కాదు. ఆవిడ వచ్చి కట్టు విప్పి చూసి, మళ్లీ కట్టి, మరదలి ఎదురుగా కూర్చుంది.

"చూడమ్మాయ్, వాడు నా తమ్ముడు. ఎత్తుకు పెంచినదాన్ని నేను. నేనే చెబుతున్నా, వీణ్ణి ఇంక ఇంట్లో ఉంచకూడదు. ఊరి బయట సిస్టర్లు నడిపే ఆశ్రమం ఉంది, ఇట్లాంటివాళ్ల కోసమే. మాట్లాడొచ్చాను. చక్కగా చూస్తారు. వారానికోసారి మనం వెళ్లి చూసొద్దాం. వాడికి నువ్వెవరో తెలీనే తెలీదు కదా. ఇక్కడైతేనేం, అక్కడైతేనేం వాడికి?"

"ఆయనకి తెలీకపోయినా నాకు తెలుస్తుంది కదా వదినా" అని రంగులక్క అంటుందనుకున్నాను. అనలేదు. "సరే వదినా" అంది. అంత నీరసంగా ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు. నిజం చెప్పొద్దూ, నాకు హమ్మయ్య అనిపించింది. పొద్దున లేచి ఈవిడ శవాన్ని గంగాళంలో చూడాల్సి వస్తుందేమోనని భయపడి చస్తున్నాను మరి.

వ్యాను వస్తుందన్న రోజు పొద్దున్నే మేస్త్రి చొక్కాలు నాకు తెచ్చి ఇచ్చింది. "మడత నలగకుండా చెయ్యవే. అక్కడ ఎవరు చేస్తారో ఏమో" అంది. ఒక్కో చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తుంటే ఎడమచేత్తో సంచిలో పెడుతోంది. అక్కగారు మందులు కాగితాలు సర్దుతోంది. మేస్త్రికి స్నానం చేయించి, తెల్ల చొక్కా వేసి, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ తెల్ల చొక్కాలో పాత మనిషే అనిపించి నేను తల తిప్పుకున్నాను.

వీధి మొదట్లో వ్యాను హారను వినబడింది. రంగులక్క సంచి పట్టుకుని ఆయన ముందుకి వచ్చింది. ఆయన తలెత్తాడు.

"ఏయ్, ఎవరు నువ్వు?"

ఆవిడ నోరు తెరిచింది. "మీ భార్యనండీ" అంది. అక్కడితో ఆగిపోయింది. చేతిలో సంచి ఉంది. వ్యాను వాకిట్లోకి వచ్చేసింది. మిగతా మాటలు ఎలా అంటుంది? అబద్ధమైపోవూ?

ఆయన చూస్తూ ఉన్నాడు. తిట్టలేదు. ఏదో రావాల్సింది రాలేదన్నట్టు మొహం పెట్టాడు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు.

"ఊఁ" అన్నాడు. "తర్వాతది?"

అక్కగారు మందుల కవరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా చేతిలో ఇస్త్రీ పెట్టె కింద చొక్కా మాడుతోందని వాసన వచ్చేదాకా నాకు తెలీలేదు.

"రోజూ అంటావుగా" అన్నాడు మేస్త్రి. గొంతులో భయం. "ఉంటా అని. పోను అని. అను. అనవేం? ఏయ్, అను!"

రంగులక్క చేతిలోంచి సంచి జారిపోయింది. ఆయన కాళ్ల దగ్గర కూలబడి, కాలిన చేతినీ మామూలు చేతినీ రెంటినీ ఆయన మోకాళ్ల మీద పెట్టింది. "మీ దగ్గరే ఉంటా" అంది. "ఎక్కడికీ పోను."

ఆయన కుర్చీ చేతులు వదిలేశాడు. వెనక్కి వాలాడు. "ఆఁ" అన్నాడు. అంతే. "ఇదిగో" అనలేదు. ఆవిడ తల మీద చెయ్యి వేయలేదు. వ్యాను వైపు చూసి డ్రైవర్ని ఒక బూతు తిట్టాడు.

అక్కగారు బయటికెళ్లి డ్రైవరుతో మాట్లాడి వ్యాను పంపించేసింది. తిరిగొచ్చి, అద్దకం గదికి నడుమెత్తు తలుపు పెట్టించి లోపలి వైపు గొళ్లెం వేయించాలని, మధ్యాహ్నాలు తానే వచ్చి తమ్ముడి దగ్గర కూర్చుంటానని చెప్పి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం ఊరుకోలేదు. సంచి తీసుకుని లోపలికెళ్లి, చొక్కాలు అలమారలో పెడుతూ రంగులక్కని చెడామడా తిట్టాను. ఆ చేత్తో ఏం పని చేస్తావు? రేపు మళ్లీ నెడితే? ఆయనకి నువ్వెవరో ఇవాళ మాత్రం తెలిసిందా? ఏం చూసుకుని ఈ తెగింపు?

ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి అంతా వింది.

"తెలీదే" అంది. "నేనెవరో ఆయనకి తెలీదు. ఇంక తెలీదు కూడా. డాక్టరు చెప్పింది నిజమే. ఉంటానని మాత్రం తెలుసు."

నేను ఆఖరి చొక్కా అలమారలో పెట్టబోయి చూశాను. జేబు దగ్గర పెట్టె ఆకారంలో మాడిన మచ్చ ఉంది.

"దేవుడి గురించి నాకూ అంతే తెలుసే. అంతకన్నా ఏం తెలీదు" అంది.

ఆవిడ మొహంలో సంతోషం ఏమీ లేదు. ఉందని చెబితే బాగుంటుంది కానీ లేదు. కళ్లు పీక్కుపోయి, కట్టులోంచి రసి కారుతూ, నిలబడలేక నిలబడి ఉంది. బయట మేస్త్రి ఏదో విసిరేసిన చప్పుడైంది. వెంటనే ఆ గొంతు.

"ఏయ్! ఎవరు నువ్వు?"

"వస్తున్నానండీ" అంటూ రంగులక్క ఆ మాట చెప్పడానికి వెళ్లింది.